మోసేవాడి బరువు

నేను ఒక కొక్కెం కాటాను. జిల్లేళ్ళలంక నూకరత్నాన్ని గోదావరి తీసుకుపోయిందని ఊళ్ళో అంటారు. తప్పు. ఆమెను చంపింది ఆమె మొగుడు పల్లాలరావు. నెత్తిన సంచి ఎత్తి చంపాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఎలా జరిగిందో చెప్పడమే మిగిలింది.

నన్ను గుజరాత్‌లో ఒక రేకుల షెడ్డులో చేశారు. ఇనుప డొక్క, అందులో ఒక స్ప్రింగు, గాజు వెనక గుండ్రటి పలక, ఒక ఎర్ర ముల్లు. పైన వేలాడదీయడానికి ఒక కొక్కెం, కింద తూచడానికి ఇంకో కొక్కెం. ఇరవై ఐదు కిలోల వరకే నా శక్తి. అంతకు మించి తగిలిస్తే స్ప్రింగు సాగిపోతుంది, ఆ తరవాత నేను చెప్పేదంతా అబద్ధమే. చేసినవాడు ఆ సంగతి నా పలక మీదే అచ్చు వేశాడు. మనుషుల మీద అలా ఎవరూ అచ్చు వెయ్యరు. ఎంత మొయ్యగలరో పక్కవాడు అనుకున్నదే లెక్క.

కొన్నాళ్ళు లారీల్లో, గోదాముల్లో పడి ఉండి, చివరికి గోదావరి పాయల మధ్య ఉన్న జిల్లేళ్ళలంకకు చేరాను. అక్కడ అంగన్‌వాడీ టీచరు అమ్మాజీ. నన్ను దూలానికి తాడుతో కట్టి, కింది కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి, నెలనెలా పసిపిల్లల్ని తూచేది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. మనుషుల తంతు అక్కడే తెలిసింది నాకు. ముల్లు ముందుకు జరిగితే తల్లి ముఖం వెలిగేది. పక్కనే ఉన్న నానమ్మ మాత్రం, "అంకె పైకి అనకండి టీచరుగారూ, దిట్టి తగులుద్ది, పుస్తకంలో రాసేసుకోండి" అని గొణిగేది. పిండి ప్యాకెట్టు ఒకటి ఎక్కువ వస్తుందని బరువు తగ్గించి రాయమనేవాళ్ళు కొందరు. పక్కింటి పిల్ల కంటే తక్కువ తూగకూడదని వెండి మొలతాడుతో సహా ఉయ్యాల్లో పడుకోబెట్టేవాళ్ళు కొందరు. ఆదివారం టీచరు మొగుడు నన్ను ఇంటికి పట్టుకుపోయి కోడిని తూచేవాడు. సోమవారం మళ్ళీ పిల్లలు. నాకు తేడా లేదు. తగిలించినదాని బరువు చెబుతాను. తగిలించనిది చెప్పను.

నూకరత్నం కూతురిని తూచిన రోజు నాకు గుర్తుంది. ముల్లు రెండూ ఏడొందల దగ్గర ఆగింది. "రెండూ ఏడొందలా! నా తల్లే!" అంది. ఆ పిల్ల పెరిగి, పెళ్ళయి, ముమ్మిడివరం అత్తారింటికి వెళ్ళినా ఆ అంకె నూకరత్నం నోటి మీదే ఉండేది. పల్లాలరావుకు అలాంటి అంకెలు గుర్తుండవు. వేరే రకం అంకెలు గుర్తుంటాయి. ఆ సంగతికి వస్తాను.

తరవాత అంకెలు వెలిగే మిషను ఒకటి వచ్చింది. నన్ను మేకుకు తగిలించేశారు. ఆ ఏడు జూన్‌లో పట్నం నుంచి ప్రసన్నకుమార్ అని ఒక శిక్షకుడు దిగాడు. ఏదో సేవాసంస్థ పంపింది. లంకకు వరద కొత్త కాదు. వచ్చినప్పుడల్లా జనం ట్రంకుపెట్టెలు, గ్రైండర్లు, పట్టెమంచాలు పడవెక్కించబోతారు, పడవలు ఒరిగిపోతాయి. అందుకని ఇంటికొక సంచి ముందే సర్ది పెట్టుకోవాలని నేర్పడానికి వచ్చాడు. నీళ్ళు చొరని నీలం సంచులు, భుజాలకు తగిలించుకునే పట్టీలతో, ఇంటికొకటి పంచాడు. మంచి పనే. మనిషీ మంచివాడే. చెప్పిన మాటలో ఉంది పొరపాటు.

"మోసేవాడి బరువులో ఐదో వంతు. సంచి అంతకు మించకూడదు. మించితే నీళ్ళల్లో కాలు నిలవదు," అన్నాడు.

మోసేవాడు అన్నాడు. మోసేది అనలేదు. మోసేది అంటే తెలుగులో ఆడదానికీ, గేదెకూ, నాకూ ఒకటే మాట. అది అతని నోటికి రాలేదు. వింటున్నవాళ్ళకూ తట్టలేదు. జిల్లేళ్ళలంకలో మోత అంటే ఆడవాళ్ళ నెత్తి. గడ్డిమోపు, నీళ్ళ బిందె, అరటి గెల, చాకిరేవుకు పోయే బట్టల మూట, అన్నీ అక్కడికే ఎక్కుతాయి. మగవాళ్ళు పడవ తోస్తారు, కొబ్బరిచెట్లు ఎక్కుతారు, ఒళ్ళు దాచుకోరు. అయితే పక్కన పెళ్ళాం నడుస్తుండగా మొగుడు మూట మోసుకుంటూ ఊరి మధ్య నుంచి పోడు. పోతే, "ఏంట్రా, మీయావిడికి ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. ఇది శిక్షకుడికి తెలియదు. ఇది చెప్పవలసిన సంగతని ఊరివాళ్ళకు తెలియదు.

శిక్షణ ధాన్యం కొట్టులో జరిగింది. సంచుల తూకానికి నన్ను తెచ్చి దూలానికి కట్టారు. మనుషుల్ని తూచడానికి అక్కడ బస్తాల కాటా ఎలాగూ ఉంది. మగవాళ్ళు ఒక్కొక్కరే దాని మీదకు ఎక్కారు.

"ఒరేయ్ పల్లాలూ, బస్తా కన్నా తక్కువ తూగేవంటే మిల్లువోడు నిన్ను కొనడ్రోయ్!" అన్నారెవరో.

"డెబ్బై!" అని అరిచాడు పల్లాలరావు. "తేమ ఉందని తరుగు తీసేయకండేయ్!"

కొట్టంతా నవ్వింది. ప్రసన్నకుమార్ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "మీరూ రండమ్మా."

వాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరినొకరు తోసుకున్నారు. ముందు నిలబడింది నూకరత్నమే.

"ధాన్యం తూసేదాని మీద కాళ్ళెట్టి నిలబడతామా అండీ? లచ్చిందేవండీ అది."

"మగవాళ్ళు ఎక్కారు కదమ్మా?"

"ఆళ్ళకి సిగ్గు లేదండి. అయినా మా ఆయన్ని తూసేరు కదా. ఇంటికొకళ్ళు చాలదేటండీ?"

మళ్ళీ నవ్వారు. శిక్షకుడూ నవ్వాడు. అతని కాగితంలో కూడా ఇంటికి ఒక్క గడే ఉంది, పైన 'కుటుంబ యజమాని బరువు' అని. ఆ గడిలో డెబ్బై అని రాసి, పక్కన పద్నాలుగు అని రాశాడు. అంతే. ఆడవాళ్ళు ఎక్కనంత మాత్రాన కాగితంలో ఖాళీ ఏమీ మిగల్లేదు.

వరద దళం నాయకుడిగా పల్లాలరావును ఎన్నుకున్నారు. నారింజ రంగు జాకెట్టు, ఒక విజిలు, ఇళ్ళ జాబితా ఇచ్చారు. అంగన్‌వాడీ పుస్తకంలో సంతకం పెట్టి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి సంచినీ నాకు తగిలించి చూశాడు. "అరకిలో ఎక్కువుంది. ఆ రుబ్బురోలు పొత్రం తియ్యండి ముందు," అనేవాడు. జనం తీసేవాళ్ళు. పని శ్రద్ధగానే చేశాడు, అది కాదనను. ఏ ఇంటి సంచి ఎంతో జాబితా చూడకుండా చెప్పేవాడు.

ఆఖరున తన ఇంటికి వచ్చాడు. నూకరత్నం అప్పటికే సంచి సర్ది ఉంచింది. రెండు కిలోల బియ్యం, అటుకులు, బెల్లం, మాత్రలు, అగ్గిపెట్టె, టార్చిలైటు, ఒక దుప్పటి, ప్లాస్టిక్ కవర్లో పాసుపుస్తకాలు, రెండు సీసాల నీళ్ళు. నా ముల్లు ఏడు దగ్గర ఆగింది.

"సరిపోద్ది," అంది ఆమె.

"సగం కాళీగా ఉంది కదే. ఇంకా ఏడు కిలోలొత్తాయి."

"వత్తే ఎట్టాలేటి? పెళ్ళికెల్తన్నామా?"

పద్నాలుగు అంటే దాటకూడని గీత అని శిక్షకుడు చెప్పాడు. పల్లాలరావు దాన్ని కోటా అనుకున్నాడు. రేషను దుకాణం దగ్గర తనకు రావలసింది అరకిలో వదులుకుని వచ్చినవాడు ఆ లంకలో లేడు. పద్నాలుగు రాసిచ్చాక ఏడుతో ఊరుకోవడం అతనికి చేతకాలేదు. పైగా నాయకుడి సంచి. ఇంకో మూడు కిలోల బియ్యం పోశాడు. టార్పాలిను మడిచి పెట్టాడు. సుత్తి, మేకులు, ఇత్తడి చెంబు, తన లుంగీలు, ఒక తాడు చుట్ట. ముల్లు ఒక్కో అంకే దాటుతూ వెళ్ళింది. పద్నాలుగు మీద నిలబడగానే, "అదీ!" అన్నాడు.

నూకరత్నం సంచి కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి చూసింది. ఆ వేసవిలో ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జాకెట్లన్నీ రెండు పక్కలా లోపలికి కుట్టుకుని తొడుక్కుంటోంది.

"బరువయ్యా."

"రోజూ బిందెలు బిందెలు మోసుకొత్తావు. ఇదో బరువా?"

"బిందె ఎట్టుకుంటే కింద నేలుంటాది కదయ్యా."

ఇంతకంటే తెలివైన మాట శిక్షణ మొత్తంలో ఎవరూ అనలేదు. పల్లాలరావు నా వైపు వేలు చూపించాడు.

"పద్నాలుగే అంటంది కాటా. కాటా కన్నా నీకెక్కువ తెలుసేటే?"

నన్ను సాక్ష్యానికి పిలిచాడు. నా ముల్లు పద్నాలుగు మీదే ఉంది. అది నిజం. నిజం చెప్పి నేను తలదించుకున్నది ఆ ఒక్కసారే.

ఆగస్టులో వరద వచ్చింది. బ్యారేజీ దగ్గర మూడో హెచ్చరిక వేశారని పొద్దున్నే కబురందింది. పది గంటలకల్లా పల్లాలరావు విజిలు ఊదుకుంటూ వీధులన్నీ తిరిగాడు. పడవల రేవు, పాయ మీద పల్లంగా వేసిన కాజ్‌వే దాటాక, అవతలి గట్టున ఉంది. జనం బారులు తీరారు. మగవాళ్ళ చేతుల్లో గేదెల పలుపులు, వెదురు గడలు. ఆడవాళ్ళ నెత్తి మీద చుట్టకుదుళ్ళు, వాటి మీద నీలం సంచులు. భుజాలకు తగిలించుకోమని ఇచ్చిన పట్టీలు చెవుల పక్కన వేలాడుతున్నాయి. సంచి ఎలా మొయ్యాలో వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు కదా.

అందరినీ దాటించాక, పన్నెండు దాటిన తరవాత పల్లాలరావు తన ఇంటికి వచ్చాడు. గోడకున్న నన్ను చూశాడు.

"దీన్నొదిలేత్తే ఎలాగే? సర్కారు సొత్తు. సంతకం ఎట్టేను. పోతే నన్నడుగుతారు."

సంచి మూతి విప్పి, నన్ను అన్నిటి పైన పెట్టి, మూతి చుట్టి బిగించాడు. నేను కిలోకు పైన ఉంటాను. ఎంత పైన అన్నది నాకు తెలియదు, కాటా తనను తాను తూచుకోలేదు. ఊరందరి సంచుల్లోనూ అరకిలో ఒప్పుకోని మనిషి, నన్ను లెక్కలో వెయ్యనే లేదు. సంచి రెండు చేతులతో లేపి ఆమె నెత్తిన పెట్టాడు. "పద," అన్నాడు.

లోపల చీకటి. అక్కడి నుంచి నేను చూసింది లేదు, విన్నదే. ముందు బురదలో అడుగుల చప్పుడు. తరవాత నీళ్ళు. మొదట పలచగా, పోనుపోను లోతుగా. కాజ్‌వే పక్కన రాళ్ళకు తాడు కట్టారు, పట్టుకుని దాటమని. పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. నూకరత్నం చేతులు రెండూ సంచి మీద ఉన్నాయి. వాటి పట్టు నా దాకా తెలుస్తోంది.

"ఏవయ్యా, కాసేపు పట్టుకుంటావేటి? మెడ లాగేత్తంది."

"అదిగో రేవు. నాలుగడుగులు."

అవతలి గట్టు మీది కేకలు వినిపిస్తున్నాయి, ఊరంతా నిలబడి చూస్తోంది. నాయకుడు నెత్తిన మూటతో రావడం ఎవరైనా చూస్తే? అతని చేతిలో ఉన్నది వెదురు గడ, మెడలో విజిలు, జేబులో జాబితా. ఆ మూడూ కలిపితే కిలో ఉండవు.

నీళ్ళ మోత పెరిగింది. ఆమె కాలు ఒకసారి జారి మళ్ళీ ఆనింది. సంచి ఊగింది. ముందు నుంచి పల్లాలరావు గొంతు వినిపించింది.

"సంచి జాగర్తే! తడవనీకు!"

అతను ఆమెతో అన్న ఆఖరి మాట ఇదే. తాడు పట్టుకోమనలేదు. సంచి వదిలెయ్యమనలేదు. నూకరత్నం మొగుడు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషేం కాదు, ఒక మాటకు రెండు మాటలు అప్పగించేది. ఆ మాట మాత్రం విన్నది.

సంచి పక్కకు ఒరిగింది. నీళ్ళల్లో పడింది. రెండు చేతులూ ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నాయి. కొంతసేపు పట్టుకునే ఉన్నాయి. తరవాత వదిలాయి.

వెనకాల విజిలు మోగడం మొదలైంది. దూరమయ్యేదాకా మోగుతూనే ఉంది.

మంచి సంచి, మునగలేదు. మర్నాడు ఒక అరటితోటలో చిక్కుకుని ఉంటే వలలవాళ్ళు చూసి పునరావాస కేంద్రానికి తెచ్చి ఇచ్చారు. మూతి విప్పితే బియ్యం పొడిగా ఉంది. అగ్గిపుల్ల గీస్తే వెలిగింది. పాసుపుస్తకాల మీద చెమ్మ లేదు. వచ్చిన అధికారి ఒకాయన కాగితం మీద 'సంచి పనితీరు సంతృప్తికరం' అని రాసుకున్నాడు. ఆ బియ్యం అక్కడే వండేశారు. నూకరత్నం మూడో రోజు దొరికింది, కింది లంకలో, తుమ్మపొదల్లో. ముమ్మిడివరం నుంచి కూతురు వచ్చింది. తండ్రి ముఖం చూడకుండా పనులు జరిపించి వెళ్ళిపోయింది.

దసరా వెళ్ళాక ప్రసన్నకుమార్ మళ్ళీ వచ్చాడు. అదే ధాన్యం కొట్టు, అదే దూలం, నేను. ఊరంతా కూర్చుంది. శిక్షకుడు బాగా చిక్కిపోయాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసుకుని రమ్మన్నారట. మెల్లగా అడిగాడు.

"పల్లాలరావుగారూ, సంచి పరిమితి దాటిందా అండీ?"

"దాటలేదండి. పద్నాలుగే. మీరు రాసిందే."

నన్ను మరిచిపోయాడు. దాచాడని అనను. నిజంగానే మరిచిపోయాడు. అది ఇంకా అన్యాయం.

ఆడవాళ్ళలోంచి మంగ లేచి నిలబడింది. నూకరత్నం చెల్లెలు, అదే ఊళ్ళో ఇచ్చారు. ఏడవడం లేదు. మార్కెట్లో బేరం అడిగినట్టు అడిగింది.

"బావా, మా ఇంటి సంచెంత?"

"పదకొండున్నర."

"సూరాయమ్మత్తది?"

"పన్నెండూ రెండొందలు."

"టీచరుగారిది?"

"పదమూడు. ఎందుకే ఇయ్యన్నీ?"

"మా అక్కెంత?"

"పద్నాలుగని చెప్పేను కదే."

"సంచి కాదు బావా. మా అక్క. మా అక్కెంతుండేది?"

పల్లాలరావు జాబితా కోసం జేబు తడుముకున్నాడు. ప్రసన్నకుమార్ తన కాగితం తిరగేశాడు. రెండు వైపులా చూశాడు. అక్కడ ఆ గడి లేదు.

"ఏమో... నలబై ఐదుంటాదేమో," అన్నాడు పల్లాలరావు.

"ఏమో అంట," అంది మంగ అందరి వైపూ తిరిగి. "ఇరవై ఆరేళ్ళు కాపరం చేసేడు. ఏమో అంట."

మంగ నడుచుకుంటూ బస్తాల కాటా దగ్గరకు వెళ్ళింది. వంగి దాన్ని చేత్తో తాకి కళ్ళకు అద్దుకుంది. చెప్పులు విడిచి రెండు కాళ్ళూ పెట్టి ఎక్కి నిలబడింది.

"రాసుకోండి బాబూ. మా అక్కా నేనూ ఒకళ్ళ జాకెట్టు ఒకళ్ళం తొడుక్కునేవోళ్ళం. జొరం రాకముందు."

నలభై ఒకటి.

ప్రసన్నకుమార్ ఆ అంకె రాసుకున్నాడు. తరవాత పెదాలు కదిలించి లెక్క కట్టాడు. "ఎనిమిది," అన్నాడు, తనలో తాను. అయినా అందరికీ వినిపించింది.

మంగ దిగింది. సూరాయమ్మ లేచి, కళ్ళకద్దుకుని, ఎక్కింది. ఆమె వెనక ఇంకొకామె. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్ళు లేరు. తూకానికి తెచ్చిన సంచులు ఒక్కొక్కటే విప్పి సగానికి సగం బయట పడేస్తుంటే మగవాళ్ళు నేల చూపులు చూశారు. ఇదంతా జూన్‌లో జరగవలసింది.

పల్లాలరావు లేచి వచ్చి దూలం మీది తాడు విప్పాడు. నన్ను తీసుకెళ్ళి అమ్మాజీ టీచరు ఒళ్ళో పెట్టాడు.

"ఇందండి. పుస్తకంలో నా సంతకం కొట్టేయండి."

ప్రసన్నకుమార్ అతని వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు. "ఇంకా తొమ్మిది లంకలున్నాయండీ. నేను చెబితే వినరు. మీరొచ్చి, ఇలా జరిగిందని ఒక్క మాట చెబితే కొందరు బతుకుతారు."

"ఆ ఊసు నా దగ్గర ఎత్తకండి," అన్నాడు పల్లాలరావు. "ఇంకెప్పుడూ ఎత్తకండి."

వెళ్ళిపోయాడు. పాపం, దుఃఖం గొంతులో గడ్డకట్టిందన్నారు. నేను అనను. నలుగురిని కాపాడే మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూట మోస్తే నలుగురూ చూస్తారని ఒకసారి, మాట చెబితే నలుగురూ చూస్తారని ఇంకోసారి.

నన్ను ఇంకెవరూ తూకానికి తియ్యలేదు. చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఒక క్షణం చూసి మళ్ళీ పెట్టేసేవాళ్ళు. అంగన్‌వాడీకి కొత్త గది కట్టినప్పుడు విరిగిన కుర్చీలతో పాటు బయట పడేశారు. అక్కడి నుంచి పాత ఇనుము కొనేవాడి రిక్షాలో రావులపాలెం దారిలో ఉన్న ఒక కొట్టుకు వచ్చాను. నా కింద సైకిలు చట్రం, మీద ఎవరిదో గ్యాసు పొయ్యి. గాజు పగిలింది. వానకు పలక మీది అంకెలు చెరిగిపోతున్నాయి. రేపో మాపో లారీ ఎక్కిస్తారు, ఎక్కడో కరిగిస్తారు. కరిగి ఏమవుతానో నాకు అక్కర్లేదు.

అతను చెప్పనన్నది నేను చెప్పాను. ఒకసారి చెప్పాను. ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా, ఇక ఈ సంగతి నేను మాట్లాడను.